అన్నీ అర్జెంటే: కర్నూలులో ఒక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ టీమ్ పనుల వరుస ఎలా కుదుర్చుకుంది?

ఈ కేసులో టీమ్ చిన్నది. నలుగురు డెవలపర్లు, ఒక టెస్టరు, సపోర్టు ఫోన్లు ఎత్తే అమ్మాయిలు ఇద్దరు, ఊళ్లు తిరిగి ఇన్‌స్టాల్ చేసే కుర్రాడొకడు. పైన ఓనరు. ఆఫీసు కర్నూలు వెంకటరమణ కాలనీలో ఒక మేడ మీద. తయారయ్యేవి రెండు సాఫ్ట్‌వేర్‌లు. ఒకటి మండీల లెక్కలకు: కర్నూలు యార్డులో ఉల్లి కమీషన్ ఏజెంట్లు, ఆదోనిలో పత్తి కొనేవాళ్లు రైతుకు పట్టీ (అమ్మకం లెక్క చీటీ) రాసివ్వడానికి, హమాలీ, కాటా, కమీషన్, మార్కెట్ సెస్ లెక్క కట్టడానికి వాడతారు. రెండోది మెడికల్ షాపుల బిల్లింగ్. నేను అక్కడ ప్రాజెక్ట్ మేనేజర్‌ని.

ఏ పని ముందు, ఏది వెనక అని మేము చాలాకాలం వాదించుకున్నాం. వాదనతో వరుస కుదరలేదు. పని లోపలికి ఎక్కణ్నుంచి వస్తోంది, ఒకేసారి ఎన్నిటిని చేతిలో పెట్టుకుంటున్నాం అన్న రెండు సంగతులు చూసుకున్నాకే కుదిరింది. ఈ రాతంతా దాని గురించే.

పని వచ్చే దారులు

మా కస్టమర్ల రోజును తెలుసుకోకపోతే మా రోజు అర్థం కాదు. పొద్దున యార్డులో వేలం, తూకాలు మొదలైతే ఫోన్లు మొదలు. పట్టీ ప్రింటు రాలేదంటే రైతు అక్కడే నిలబడి ఉంటాడు. సరుకు దించేసి, డబ్బు లెక్క తేల్చుకుని ఊరికి పోవాల్సినవాడు. ఆ తొందరంతా కమీషన్ ఏజెంటు గొంతులో వినబడుతుంది. సాయంత్రం మెడికల్ షాపుల వంతు. డాక్టర్లు చూసి పంపిన జనం చీటీలు పట్టుకుని కౌంటరు ముందు నిలబడే వేళకు బార్‌కోడ్ పనిచేయదు. నెలలో జీఎస్టీ రిటర్నుల గడువులైన 11వ తేదీ, 20వ తేదీ దగ్గర పడితే ఆడిటర్ల ఆఫీసుల నుంచి ఇంకో రకం ఫోన్లు.

ఇన్ని రకాల పనికి దారి ఒకటుంటే ఎలాగో నడిచేది. ఇక్కడ ఎవరికి తోచిన దారిలో వాళ్లు వచ్చేవాళ్లు. కస్టమర్లు, ఓనరు, డెవలపర్లు అందరూ ఉన్న వాట్సాప్ గ్రూప్ ఒకటి. ఓనరు సొంత ఫోను ఇంకొకటి. ఇన్‌స్టాల్ చేయడానికి నంద్యాలో, ఎమ్మిగనూరో పోయిన కుర్రాడు "అది కూడా చేయిస్తాలే అన్నా" అని మాటిచ్చి వచ్చేవాడు. ఆ మాట ఎక్కడా రాసి ఉండదు. ఎనీడెస్క్‌లో, అంటే ఇక్కడి నుంచే కస్టమర్ కంప్యూటర్ తెరిచే సాఫ్ట్‌వేర్‌లో, ఒక సమస్య చూద్దామని కూర్చుంటే, అవతలాయన "ఎలాగూ లోపలికి వచ్చినారు కదా" అని ఇంకో నాలుగు చూపించేవాడు.

అన్నిటికన్నా పెద్ద దారి మా సీనియర్ డెవలపర్. పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లకు పట్టీ ఫార్మాట్ రాసింది ఆయనే. పాత కస్టమర్లందరి దగ్గరా ఆయన సొంత నంబరు ఉంది. కాగితం ఒక గీత కిందికి జరిగినా ఫోను ఆయనకే. మంచి మనిషి, కాదనలేడు. ఎప్పుడు చూసినా ఆయన మెషీన్‌లో మూడు నాలుగు పనులు సగం సగం తెరిచి ఉండేవి. ఆయనొక్కడే కాదు, అందరి పరిస్థితీ కొంచెం అటూ ఇటూగా అంతే.

పనుల జాబితా లేదని కాదు. షేర్ చేసిన షీట్ ఒకటుంది. అందులో ప్రయారిటీ అని ఒక కాలమ్: హై, మీడియం, లో. మీడియం అని రాస్తే ఆ పని ఎప్పటికీ కాదని అందరికీ తెలుసు. అందుకని అందరూ హై అనే రాసేవాళ్లు. ఓనరు చెప్పినవాటికి సపోర్టువాళ్లు "వెరీ హై" అనే కొత్త మెట్టు కనిపెట్టారు. అన్ని పనులూ పై మెట్టు మీదే కూర్చున్నాక, ఎవరు గట్టిగా అరిస్తే వాళ్లది ముందు అయ్యేది. అరవని కస్టమర్ పని నెలలు దాటేది. వాళ్లు అరవకుండానే వేరే సాఫ్ట్‌వేర్‌కు మారిపోయేవాళ్లు; అది మాకు ఏడాది మెయింటెనెన్స్ రెన్యువల్ నాడు గానీ తెలిసేది కాదు.

స్క్రమ్ ఎందుకు నిలబడలేదు

మొదట స్క్రమ్ పద్ధతిలో రెండు వారాల స్ప్రింట్లు పెట్టాం, అంటే రెండు వారాలకు చేయాల్సిన పనులను ముందే ఒప్పుకోవడం. హైదరాబాద్, బెంగళూరు కంపెనీల్లో చేసొచ్చిన వాళ్లకు తెలిసిన పద్ధతి అదే కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. స్క్రమ్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కెన్ ష్వేబర్, జెఫ్ సదర్లాండ్ దాన్ని 1995లో లోకం ముందు పెట్టినప్పటి నుంచీ దాని ప్రాణం ఒక్కటే: ఒక లక్ష్యం పెట్టుకుని, కొద్ది వారాల పాటు టీమ్ దానికి కట్టుబడటం. కొత్త ఉత్పత్తి కట్టేవాళ్లకు అది బాగా నప్పుతుంది. మా పనిలో పెద్ద వాటా స్ప్రింట్ మొదలయ్యాక పుట్టేది. సోమవారం ప్లానింగ్‌లో కూర్చుని, గురువారం యార్డులో రాబోయే ప్రింటు సమస్య ఎంత పెద్దదో అంచనాగా ఎన్ని పాయింట్లు వేస్తాం? స్ప్రింట్ మధ్యలో పని చేర్చం అంటే ఓనరు ఒప్పుకోడు. చేరిస్తే మొదట ఒప్పుకున్నవి మిగిలిపోతాయి. రెండు వారాలకోసారి మిగిలిన పనుల జాబితా చదువుకోవడం టీమ్‌కు తలవంపుగా తయారైంది. పాయింట్లు వేయడానికి కూర్చునే గంటలు కూడా దండగ అనిపించాయి. వేసిన వాటిలో చాలా పనులు ఎవరూ ముట్టనే లేదు.

ఈ చివరి మాట మాకంటే ముందే ఒకరు కనిపెట్టారు, అదీ మన హైదరాబాద్‌లో పనిచేసిన టీమ్ విషయంలోనే. 2004లో మైక్రోసాఫ్ట్ సొంత ఐటీ విభాగంలో లోపలి అప్లికేషన్లకు మార్పులు చేసే టీమ్ ఒకటి, డెవలపర్లు హైదరాబాద్‌లో, మేనేజరు అమెరికాలో. అడిగినవాళ్లకు పని అందేసరికి నెలలు పట్టేది. డ్రాగోస్ దుమిత్రియు అనే మేనేజరు, డేవిడ్ ఆండర్సన్ సాయంతో ఆ పనుల నడకను గమనించాడు. వచ్చిన ప్రతి అభ్యర్థనకూ ముందు ఎస్టిమేట్ ఇవ్వాలన్న నియమమే డెవలపర్ల కాలంలో పెద్ద భాగం తినేస్తోందని తేలింది. ఎస్టిమేట్లు ఆపేశారు. ఒకేసారి చేతిలోకి తీసుకునే పనులకు హద్దు పెట్టారు. చోటు ఖాళీ అయినప్పుడు తర్వాత ఏది రావాలో అడిగేవాళ్లనే తేల్చుకోమన్నారు. కోడ్ రాసే పద్ధతి మాత్రం అలాగే ఉంచారు. నెలల ఎదురుచూపు వారాల్లోకి వచ్చింది. టయోటాలో తాయిచి ఓనో నడిపిన కార్డుల పద్ధతి పేరుతోనే తర్వాత ఆండర్సన్ దీన్ని సాఫ్ట్‌వేర్‌కు కాన్‌బాన్‌గా మలిచాడు.

మా టీమ్‌ను ఒప్పించింది మాత్రం ఈ చరిత్ర కాదు, ఒక చిన్న లెక్క. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం: సగటున చేతిలో ఉన్న పనులను, సగటున పూర్తయ్యే వేగంతో భాగిస్తే ఒక పనికి పట్టే సగటు కాలం వస్తుంది. చేతిలో 24 పనులుండి, వారానికి 6 పూర్తవుతుంటే, ఒక్కో పనికి నాలుగు వారాలు. అదే 6 వేగంతో చేతిలో 12 మాత్రమే ఉంటే రెండు వారాలు. ఎవరూ ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు, తక్కువ మొదలుపెడితే చాలు. "అదెట్లన్నా, తక్కువ మొదలుపెడితే తక్కువే అయిపోతాయి కదా?" అని ఒక డెవలపర్ అడిగాడు. యార్డులో కాటానే చూపించాను. తూకానికి ఎన్ని బస్తాలు తెచ్చి కుప్పపోసినా కాటా మీదికి ఎక్కేది దాని వంతు వచ్చిందే. కుప్ప పెరిగితే హమాలీ అటూ ఇటూ దాటుకుని నడవాల్సి రావడం ఒక్కటే మిగులుతుంది.

గోడ మీద బోర్డు

తెల్లబోర్డు, రంగు చీటీలు. పనుల జాబితా నడిపే జిరా సాఫ్ట్‌వేర్ కొందామని ఓనరే అన్నాడు గానీ, ముందు గోడ మీద పెడదామన్నాను. ఓనరు లోపలికి రాగానే కంటబడాలి, అది నాకు ముఖ్యం. బయట ఊళ్లలో ఉన్న కుర్రాడి కోసం రోజుకు రెండుసార్లు ఫోటో తీసి పంపడం సపోర్టువాళ్ల పని. అందం లేని ఏర్పాటే, కానీ నడిచింది.

అడ్డంగా అయిదు గళ్లు: వచ్చింది, తర్వాత చేసేది, చేస్తున్నది, టెస్టింగ్, కస్టమర్‌కు చేరింది. "చేస్తున్నది" గడిలో నాలుగే చీటీలు, మనిషికొకటి. టెస్టింగ్‌లో మూడు. "తర్వాత చేసేది" గడిలో అయిదు. "వచ్చింది" గడికి హద్దు లేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది టెస్టింగ్ గడి. అక్కడ మూడు చీటీలు నిండితే డెవలపర్ తన పని ముగించినా అటు పంపడానికి చోటుండదు. కొత్తది మొదలుపెట్టడానికి వీల్లేదు. అయితే ఏం చేయాలి? టెస్టింగ్‌లో ఉన్నదాన్ని తీసుకుని తానే చూడాలి. ఇది డెవలపర్లకు అస్సలు నచ్చలేదు. ఖాళీగా కూర్చున్నట్టు కనబడితే ఓనరు ఏమనుకుంటాడో అన్న భయం ఒకటి, టెస్టింగ్ తమ స్థాయి పని కాదన్న బిగువు ఒకటి. టెస్టరు ఒక్కతే. అంతకు ముందు ఆమె డెస్క్ మీద పనులు పేరుకుపోయి, రిలీజ్ ముందురోజు రాత్రి దాకా కూర్చునేది. డెవలపర్లు ఆరింటికల్లా వెళ్లిపోయేవాళ్లు. గోడ మీద ఆ గడి నిండిపోయి కనబడ్డాక గానీ ఆమె చెబుతూ వస్తున్నది ఎవరికీ ఎక్కలేదు. వేరేవాళ్ల కోడ్‌ను కస్టమర్ చూసినట్టు చూడటం మొదలయ్యాక, పట్టీలో రైతు పేరు పొడుగైతే మొత్తం పక్కకు జరిగిపోవడం లాంటివి మా దగ్గరే దొరకడం మొదలైంది.

దారి మూయడం కూడా అప్పుడే జరిగింది. ఏ పనైనా సపోర్టులో పెద్దమ్మాయి చేతి మీదుగా చీటీగా మారాకే పని. ఓనరుకు వచ్చిన ఫోనైనా, సీనియర్ సొంత నంబరుకు వచ్చినదైనా అంతే. సీనియర్‌కు కంపెనీ ఒక కొత్త సిమ్ ఇచ్చింది; పాత నంబరుకు వచ్చే కాల్స్ పనివేళల్లో సపోర్టు ఫోనుకు మళ్లించారు. కొందరు పాత కస్టమర్లు నొచ్చుకున్నారు. "ఆయనతోనే మాట్లాడాల మేడమ్" అని పట్టుబట్టినవాళ్లకు సపోర్టు అమ్మాయి అడిగేది ఒకటే: "సమస్య చెప్పండన్నా, రాసుకుంటా. ఆయనే చూడాల్సిందైతే ఆయనే ఫోన్ చేస్తాడు." ఆ రెండో మాట నిజంగా జరగాలి. జరగని రోజున పాత నంబరు మళ్లీ మోగుతుంది.

దుకాణం ఆగిందా?

హై, మీడియం, లో తీసేశాం. వాటి చోట మూడు రంగులు. ఎరుపు: దుకాణం ఆగింది. పసుపు: తేదీ ఉంది. తెలుపు: మామూలు. రంగు వేసే అధికారం సపోర్టు అమ్మాయిదే. నాది కాదు, ఓనరుదీ కాదు. ఎరుపు వేయాలంటే ఆమె మూడు ప్రశ్నలకు జవాబు రాబట్టాలి. బిల్లు గానీ పట్టీ గానీ బయటికి వస్తోందా? తూకంలో, డబ్బులో లెక్క తప్పుతోందా? ఇవాళ్టికి వేరే దారి ఉందా?

మూడో ప్రశ్నే అసలైనది. ఒక మండీలో ప్రింటరు పనిచేయకపోతే పీడీఎఫ్ చేసి పక్క దుకాణంలో ప్రింటు తీయించవచ్చు. ఆ పని ఎరుపు కాదు, రేపటికి తెలుపు. హమాలీ కూలి బస్తాకు కాకుండా క్వింటాలుకు పడుతోందంటే ప్రింటు బాగానే వస్తున్నా అది ఎరుపే, ఎందుకంటే ప్రతి పట్టీతో తప్పు లెక్క రైతు చేతికి పోతోంది. కేకలు వేసే సమస్య, నష్టం చేసే సమస్య వేరువేరని సపోర్టువాళ్లకు మాకంటే ముందే తెలుసు. వాళ్లకు అడిగే అధికారం లేదు, అంతే.

ఎరుపు చీటీ ఒక్కటే ఉండాలి, ఒకేసారి. రెండోది వస్తే మొదటిది తేలేదాకా ఆగాలి, లేదా మొదటిది నిజంగా ఎరుపేనా అని మళ్లీ అడగాలి. ఎరుపును పట్టుకోవడానికి వారానికొకరు కాపలా ఉంటారు. ఆ వారం అతనికి పెద్ద పనులు ఇవ్వం. ఎరుపు లేకపోతే చిన్న తెల్ల చీటీలు చేసుకుంటాడు. మిగతా ముగ్గురినీ ఎరుపు కోసం కదపకూడదు. కాపలా వంతు అందరికీ తిరగడం వల్ల ఇంకో లాభం కలిగింది: ప్రింటింగ్ కోడ్ ముట్టుకోవడానికి భయపడే పిల్లలు కూడా తప్పనిసరై దాన్ని తెరిచారు.

ఓనరుతో బేరం

పద్ధతి నిలబడుతుందా లేదా అన్నది ఓనరు దగ్గరే తేలుతుంది. ఏ ఊళ్లోనైనా ఇంతే, కానీ సొంత కంపెనీల్లో మరీను. ఒకరోజు ఆయన లోపలికి వచ్చి, "ఆ ఆదోని మిల్లాయన చానా రోజుల్నుంచి అడుగుతాండాడప్పా. రివర్స్ చార్జి ఇన్వాయిస్ అంట. ఈ వారంలో ఇచ్చేయండి" అన్నాడు.

"ఇచ్చేద్దాం సార్. బోర్డు నిండి ఉంది. ఇందులో ఏది తీసి పక్కన పెట్టమంటారో మీరే చూపించండి."

ఆయన బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒక చీటీ మీద వేలు పెట్టి, అది ఎవరికి మాటిచ్చిందో గుర్తొచ్చి తీసేశాడు. ఇంకోటి ఆయనే పెట్టించింది. చివరికి, "అన్నీ కావాల్సినవే కదప్పా" అన్నాడు. అప్పుడు సపోర్టు అమ్మాయి అడిగింది: "సార్, ఈ మిల్లు పనికి తేదీ ఏమైనా ఉందా?"

ఆ ప్రశ్నతో కథ మారింది. రైతు దగ్గర ముడి పత్తి కొంటే జీఎస్టీ కట్టాల్సింది కొన్నవాళ్లే; రివర్స్ చార్జి అంటే అదే. 2017 నవంబర్ నుంచి అదే నియమం. రిజిస్ట్రేషన్ లేని రైతు ఇన్వాయిస్ ఇవ్వలేడు కాబట్టి మిల్లే తన పేరు మీద ఇన్వాయిస్ వేసుకోవాలి. 2024 నవంబర్ 1 నుంచి దానికి సరుకు అందిన 30 రోజుల గడువు కూడా పెట్టారు. మిల్లాయన అడిగేది సోకు కోసం కాదు. అక్టోబర్ తర్వాత ఆదోనికి పత్తి రావడం ఊపందుకుంటే ఆయనకు రోజూ ఇలాంటివి కట్టలు కట్టలు వేయాల్సి ఉంటుంది. ఆ చీటీ తెలుపు నుంచి పసుపుకు మారింది, తేదీ వేసుకుంది. అయితే ఈ వారం కాదు, సీజన్‌కు ముందు. ఓనరు చెప్పినదే జరిగింది, ఆయన చెప్పిన వారంలో జరగలేదు, ఎవరూ మాట పట్టింపుకు పోలేదు.

అప్పట్నుంచి ఒక నియమం పెట్టుకున్నాం: నిండిన గడిలోకి కొత్త చీటీ రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి, తీసేది అడిగినవాళ్లే. దీని బలం ఏమిటంటే నేను కాదనక్కర్లేదు. కాదనడం నా వల్ల అయ్యే పని కూడా కాదు. జీతమిచ్చేవాడితో ఎన్నిసార్లు కాదంటాం?

రోజూ కలిసేది ఎప్పుడు?

పొద్దున పది గంటలకు నిలబడి మాట్లాడుకోవడం అలవాటు. యార్డు హడావిడి నడుస్తున్న వేళ అది. సపోర్టువాళ్లు ఎప్పుడూ ఫోన్లోనే ఉండేవాళ్లు, వాళ్లు లేకుండా మిగతావాళ్లు మాట్లాడుకుంటే ఉపయోగం లేదు. మధ్యాహ్నం భోజనానికి ముందుకు మార్చాం. స్క్రమ్ పెట్టిన పదిహేను నిమిషాల హద్దు మాత్రం ఉంచుకున్నాం.

నిన్న ఏం చేశావు, ఇవాళ ఏం చేస్తావు అని మనిషి మనిషినీ అడగడం మానేశాం. ఆ ప్రశ్న అడిగితే అందరూ బిజీగానే ఉన్నట్టు తేలుతుంది. బోర్డు కుడి చివర నుంచి, అంటే పూర్తి కావడానికి దగ్గరగా ఉన్న చీటీ నుంచి మొదలుపెట్టి, ఇది కదలడానికి ఏం అడ్డం వస్తోంది అని అడుగుతాం. ప్రతి చీటీ మూలలో అది "చేస్తున్నది" గడిలోకి వచ్చిన తేదీ రాసి ఉంటుంది. వారం దాటినదాని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాం. చాలాసార్లు అడ్డం కోడ్‌లో ఉండదు. కస్టమర్ నమూనా పట్టీ పంపలేదనో, ఆడిటర్ జవాబివ్వలేదనో ఉంటుంది. అలాంటి చీటీ మీద చుక్క పెట్టి, ఫోన్ చేయాల్సిన మనిషి పేరు రాస్తాం.

తేదీలను వెనక నుంచి లెక్కపెట్టడం

పసుపు చీటీల్లో పెద్ద వాటా జీఎస్టీదే. దీని సుఖమేమిటంటే తేదీలు ముందే తెలుసు. నెలనెలా వేసేవాళ్లకు అమ్మకాల వివరాల రిటర్ను జీఎస్టీఆర్-1 తర్వాతి నెల 11న, పన్ను కట్టే రిటర్ను 3బీ 20న. అయిదు కోట్ల లోపు టర్నోవరున్నవాళ్లు మూడు నెలలకోసారి వేసే పద్ధతి 2021 జనవరి నుంచి ఉంది. వాళ్లకు జీఎస్టీఆర్-1 13న, 3బీ మన రాష్ట్రంలో 22న. ఈ తేదీలన్నీ ఏడాదికి సరిపడా బోర్డు పైన అంటించాం. వాటికి ముందు మూడు రోజులు కొత్త రిలీజ్ ఉండదు, ఎరుపు తప్ప. పసుపు పని గడువు తేదీనాడు కాదు, ఈ మూడు రోజులకు ముందే టెస్టింగ్ దాటాలి. అక్కణ్నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని ఎప్పుడు మొదలుపెట్టకపోతే ఇక కుదరదో ఆ రోజును చీటీ మీద రాస్తాం. ఆ రోజుకు ముందు దాన్ని ముట్టుకోం. తేదీ ఉన్న పనిని చాలా ముందే మొదలుపెట్టడం కూడా చోటు తినేయడమే. ఈ మాట ఆడిటర్లకు నచ్చదు, వాళ్లు నెల మొదట్లోనే అడుగుతారు.

తెల్ల చీటీల్లో ఒక చిన్న రకం ఉంది: కస్టమర్ ఎవరూ అడగనివి. పాత డేటాబేస్ మార్పులు, రెండు చోట్ల రాసిన ఒకే లెక్కను ఒక చోటికి తేవడం, ఇలాంటివి. వీటికి ఎవరూ ఫోన్ చేయరు కాబట్టి వరుసలో ఎప్పటికీ పైకి రావు. "తర్వాత చేసేది" గడిలోని అయిదు చోట్లలో ఒకటి వీటికే కేటాయించాం. ఓనరు దీన్ని అయిష్టంగా ఒప్పుకున్నాడు.

2025 సెప్టెంబర్

ఆ ఒక్క చోటులో పడిన చీటీల్లో ఒకటి: పన్ను రేటును సరుకు పక్కన ఒక్క అంకెగా కాకుండా, ఏ తేదీ నుంచి ఏ రేటు అని పట్టికగా దాచడం. చూడటానికి ఏమీ కనబడని పని. ఆ వేసవిలో, ఫోన్లు తక్కువగా ఉన్న రోజుల్లో అది పూర్తయింది.

సెప్టెంబర్ 3 రాత్రి 56వ జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయాలు బయటికి వచ్చాయి. 12, 28 శాతం శ్లాబులు పోయి, ప్రధానంగా 5, 18 మిగులుతాయి, అమలు 22 నుంచి. మందుల్లో చాలావరకు 12 నుంచి 5కు, కొన్ని ప్రాణరక్షక మందులు సున్నాకు. మెడికల్ షాపులన్నిటికీ ఒకే రోజున రేట్లు మారాలి. సరిగ్గా అదే సమయంలో కర్నూలు యార్డులో ఉల్లి ధర పడిపోయి ఉంది, ప్రభుత్వం తన సంస్థ మార్క్‌ఫెడ్ చేత క్వింటాలుకు 1,200 రూపాయల మద్దతు ధరకు కొనిపిస్తోంది, సరుకు పోటెత్తింది. మండీలవాళ్లకు పట్టీలో ఏ కొనుగోలు మార్క్‌ఫెడ్‌ది, ఏది వ్యాపారిది అని విడిగా చూపించే గడి కావాలి. రెండు వైపులా తేదీలున్నాయి, రెండూ పసుపే.

బోర్డు ముందు రెండు పనులనూ ముక్కలు చేశాం. ఉల్లి పని చిన్నది, రోజూ యార్డులో జరుగుతున్నది. దాన్ని ముందు పంపేశాం, ప్రింటులో ఒక అదనపు గడి, చివర్లో విడి మొత్తం, అంతే. మండీలవాళ్లు అడిగిన రిపోర్టులు మూడింటిని తెల్లచీటీలుగా వెనక్కి నెట్టాం. మందుల పనిలో రేట్ల జాబితా కోసం ఎదురుచూడకూడదని నిర్ణయించుకున్నాం. ఏ సరుకుకు ఏ రేటో ఖచ్చితంగా చెప్పే నోటిఫికేషన్లు వచ్చింది 17వ తేదీన. వాటి కోసం ఆగి ఉంటే మిగిలేవి అయిదు రోజులు. రేటు ఏదైనా సరే మార్చే ఏర్పాటును ముందు కట్టి, అంకెలను చివర్లో ఫైలుగా నింపేలా విడదీశాం. అంకెలు సరిచూసే బాధ్యత ఆడిటర్‌ది, డెవలపర్‌ది కాదు.

టెస్టరు రాసిన ఒక కేసు ఇక్కడ అందరినీ కాపాడింది: 18న అమ్మిన మందు 25న వాపసొస్తే? వాపసు నోటు పాత బిల్లు రేటుతోనే, 12 శాతంతోనే రావాలి. ఇవాళ్టి రేటు తీసుకుంటే తప్పు. తేదీలవారీ పట్టిక ఉంది కాబట్టి ఇది ఒక చిన్న మార్పుతో తీరింది. పాత ధర అచ్చైన డబ్బాలు షెల్ఫుల్లోనే ఉంటాయి కాబట్టి, తయారీదారులు పంపే సవరించిన ధరల జాబితాను ఎక్కించుకునే వీలు కూడా అడిగారు; అది 22కు ముందు కావాల్సిందే అని పసుపు వేశాం. బిల్లు మీద "మీకు ఆదా అయింది ఇంత" అని అచ్చువేయమని ఒకరిద్దరు అడిగినది తెలుపు. ఆ చీటీ ఇప్పటికీ "వచ్చింది" గడిలోనే ఉంది.

ఆ మూడు వారాల్లో చివరి ఆదివారం తప్ప మేము ఎవరినీ ఆదివారం రమ్మనలేదు. ఆ ఆదివారం, 21 రాత్రి, కాపలా వంతు డెవలపర్, సపోర్టు ఇద్దరూ ఆఫీసులో ఉన్నారు. 22 పొద్దున ఫోన్లు చాలానే వచ్చాయి. ఎక్కువ భాగం అప్‌డేట్ ఎలా ఎక్కించుకోవాలి అన్నవే.

ఇంకా కుదరనివి

"వచ్చింది" గడికి హద్దు లేదన్నాను కదా, అది నిండుతూనే ఉంది. మూడు నెలలు దాటిన తెల్లచీటీని తీసేయాలని నా పట్టు. తీసేముందు కస్టమర్‌కు చెప్పాలని సపోర్టువాళ్ల పట్టు. వాళ్లదే న్యాయం, కానీ చేయం అని చెప్పే ఫోను ఎవరూ ఇష్టంగా చేయరు. ప్రస్తుతానికి నెలకోసారి ఓనరు, సపోర్టు అమ్మాయి కలిసి కూర్చుని ఆ గడిని జల్లెడ పడుతున్నారు. ఓనరు కొన్నిటికి తానే ఫోన్ చేస్తున్నాడు; ఆయన చెబితే కస్టమర్లు నొచ్చుకోవడం తక్కువ.

సీనియర్ దగ్గర అడ్డం పూర్తిగా తొలగలేదు. కాపలా వంతు వల్ల ప్రింటింగ్ కొంత నలుగురికీ తెలిసింది గానీ, లెక్కలు ముగించే మాడ్యూల్ ఇంకా ఆయన తలలోనే ఉంది. మా దగ్గర పని నేర్చుకున్న పిల్లలు రెండేళ్లకు హైదరాబాద్ పోతారు, అది ఆగదు. అందుకని ఆ మాడ్యూల్‌లో పడే ఏ చీటీనైనా ఆయన ఒక్కడే తీసుకోకూడదు, పక్కన ఒకరు కూర్చోవాలి అని ఈ మధ్యే రాసుకున్నాం. దీంతో ఆ చీటీలు నెమ్మదిస్తాయని ఆయన వాదన. నిజమే, నెమ్మదిస్తున్నాయి. మార్చి ముగింపు లెక్కలు వచ్చేలోగా కనీసం ఒకరైనా ఆయన లేకుండా ఆ పని చేయగలిగితే నియమం ఉంచుతాం, లేకపోతే ఇంకో దారి చూడాలి.